దగ్గరి చూపు లెన్సు

"దూరం చూపుకే పెట్టండి డాక్టరు గారూ," అన్నాడు కాశీరావు, భార్య గంగారత్నం నోరు తెరిచేలోపే. "లేజరు చేయించాక మా ఆవిడ బందరు ఒడ్డున నిలబడి, నడిసముద్రంలో పడవ మీది రొయ్యల మీసాలు లెక్కపెట్టేదండి."

గవర్నర్‌పేట కంటి డాక్టరు నవ్వాడు. "శుక్లం తీసి లెన్సు పెడతాం. కానీ లేజరు చేసిన కంటికి పవరు లెక్క కచ్చితంగా కుదరదండి, కాస్త అటూ ఇటూ కావచ్చు. దూరమో దగ్గరో ఒకటి ఎంచుకోండి. రెండోదానికి కళ్లద్దాలు తప్పవు."

"ఉప్పు తుంపర పడి అద్దాల్లోంచి పడవలు ఆనవనేగా అప్పట్లో లేజరు చేయించింది? దూరమేనండి. మా రాంబాబు పడవని ముందు ఈవిడే పోల్చుకోవాలి."

"అబ్బాయి వేటకెళ్లాడా?"

"తుఫానుకి బర్మా ఒడ్డుకి కొట్టుకుపోయాడండి. అక్కడెవరో అల్లుణ్ణి చేసుకున్నారు. అత్తగారు చేపల పులుసు పోసి పోసి వాణ్ణి కదలనివ్వటం లేదు."

ఐదేళ్లుగా ఈ కథకి నవ్వుతూ వచ్చిన గంగారత్నం ఈసారి నవ్వలేదు.

"దగ్గరిదే పెట్టండి బాబూ," అంది. "కంచంలో ముల్లు కనిపిస్తే చాలు."

"పిచ్చిదానా, మరి పడవొస్తే?"

"రోజూ ఒడ్డున నిలబడి చూశాను మావా. ఇక చూడను."

డాక్టరు తలవంచుకుని చీటీ మీద దగ్గరి చూపు అని రాసుకున్నాడు.

"ఆపరేషను రోజు తోడెవరొస్తారండీ?" అని మెల్లగా అడిగాడు.

"నేనేనండీ," అన్నాడు కాశీరావు. "మాకింకెవరూ లేరు."