ఇంకా గట్టిగా

"గొప్ప డ్రమ్మర్లంతా రాక్‌లోనే ఉండారు చిన్నాయనా," అంటూ తరుణ్ స్పీకరు శబ్దం పెంచాడు.

"బాదేది గొప్పేందిరా? జాజ్ వాయించేటోళ్ళ చేయి చూడు!" అన్నాడు రామాంజులు.

ముద్దనూరులో తరతరాలుగా బీరప్ప జాతరలో డోలు కొట్టే ఇల్లు వాళ్ళది. గొంతులు లేచాయి. రామాంజులు పంతంతో గోడకున్న డోలు దించి, తరుణ్ బిడ్డ పడుకున్న ఉయ్యాల తలాపున నిలబడి జాజ్ దరువు మోగించాడు.

వంటింట్లోంచి తరుణ్ భార్య పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ చప్పున ఆపేశారు.

"డోలింటి బిడ్డ, చప్పుడుకు బెదరడు లేమ్మా," అన్నాడు రామాంజులు. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఇంట్లో అందరూ మురిసిపోతూ అంటున్న మాటే అది.

ఆమె ఉయ్యాలలోకి చూసింది. బిడ్డ మేలుకునే ఉన్నాడు. తీరిగ్గా తన వేళ్ళే చూసుకుంటున్నాడు.

ఆమె వాడి చెవి పక్కనే చప్పట్లు కొట్టింది; వాడు తల తిప్పలేదు. "ఆపాకు మామా," అంది. "ఇంకా గట్టిగా కొట్టు."