దొర అడిగిన పేరు

“మళ్ళీ పెట్టమ్మా,” అన్నాడు హనుమయ్య.

మనవరాలు స్పందన టాబ్లెట్‌లో ఆ పాత టీవీ వీడియో మళ్ళీ పెట్టింది. పరాయి దేశంలో, క్వేకర్స్ హిల్‌లోని కొడుకు ఇంట్లో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది కౌసల్య. పొద్దుటి నుంచి ఒకటే మాట: “మా ఇంటికి పంపించెయ్యండి బాబూ.” కట్టుకున్నవాణ్ణి పట్టుకుని బాబూ అంటోంది.

“ఇటు చూడు కౌసల్యా. లండన్ టీవీ దొర మన చీరాల హోటలుకి రాలేదూ? నీ పెసరట్టు తిని వేళ్ళు నాక్కున్నాడు. వెళ్తూ వెళ్తూ నీకు దణ్ణం కూడా పెట్టాడు.”

తెరమీద దొర నవ్వుతూ, పెనం దగ్గరున్న ఆమెను మొగుడి పేరు చెప్పమని అడిగించాడు. పడుచు కౌసల్య పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ‘హనుమయ్య టిఫిన్లు’ అన్న బోర్డు వైపు వేలు చూపించింది. బోర్డు కింద నిలబడ్డ హనుమయ్య సిగ్గుపడ్డాడు. చుట్టూ జనం గొల్లుమన్నారు.

సోఫాలో కౌసల్య కూడా నవ్వింది. హనుమయ్యకు ప్రాణం లేచొచ్చింది. వీడియో ఆపించి, తన బొమ్మ మీద వేలు పెట్టాడు.

“ఈయనెవరో చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పవే.”

ఆమె వంగి చూసింది.

“ఈయనా? హోటలు హనుమయ్య కదూ!”

“యెస్! షీ రిమెంబర్స్ యూ, తాతయ్యా!” స్పందన చప్పట్లు కొట్టింది.

హనుమయ్య టాబ్లెట్ మెల్లగా బోర్లించాడు.

“లేదు తల్లీ. మీ నానమ్మ చచ్చినా మొగుడి పేరు పలకదు.”