మూడంచుల దారం

ఒకే బానలో, ఒకే రంగులో ఉడికిన బట్ట రెండు నలుపులుగా తేలింది.

రాజనర్సు రెండింటినీ పక్కపక్కన పెట్టి మళ్లీ చూశాడు. సిరిసిల్ల మగ్గాల మధ్య పెరిగినవాడు. దోహాలో రంగుల మాస్టరుగా చేరి ఇంకా వారం కాలేదు. డెబ్బై ఏడో సంవత్సరమది. నూనె డబ్బు పొంగి, ఆడవాళ్లు పైన తొడిగే అబాయాల నల్ల పాలిస్టర్‌కు ఎక్కడలేని గిరాకీ.

"గురువారం పొద్దు వాలే అసర్ నమాజు వేళకు నలభై తానులూ ఒక్క తీరుగ రాకుంటే, యల్లా, ఊరికి పో!" అర్బాబ్, అంటే యజమాని, గుమాస్తా చేత ముందే చెప్పించాడు.

మధ్యాహ్నం. బజారంతా మూసుకుని నిద్రపోతోంది. రాజనర్సు బానలో ఇంకాస్త రంగు గుమ్మరించాడు.

"ఎంత పోసినా గంతే తమ్మీ."

వెనకనుంచి! అదీ తెలుగులో! రాజనర్సు గిరుక్కున తిరిగాడు. షెడ్డు రెండు తలుపులకూ తనే తాళాలు వేశాడు కదా?

ఎవరో ముసలాయన. అంత ఉక్కలోనూ ఒంటిమీద చెమటచుక్క లేదు. మోచేతుల దాకా చేతులు బొగ్గులా ఉన్నాయి. కళ్లు మూసుకుని, బట్ట అంచును కింది పెదవికి రాసుకున్నాడు.

"ఇది గుండ్రటి దారం. గది మూడంచుల దారం. కంటికి కానరాదు, పెదవికి తెలుస్తది."

"ఐతే?"

"ఆ అంచులు మీద వడ్డ ఎలుగును ఎనుకకు కొడ్తయ్. గందుకే రంగు తాగినా తేటగనే కనవడ్తది. రెండు తీర్లు కలిసిపోయినయ్ తమ్మీ, ముందుగాల ఏరు. మూడంచులదాన్ని వేరే బానల వేసి, రంగు ఎక్కువ పెట్టి, నిదానంగ ఉడకవెట్టు."

"పెద్దమనిషీ, నువ్వెవలు?"

నీళ్లు ముంచి ఇద్దామని కుండవైపు తిరిగి వచ్చేసరికి మనిషే లేడు. రెండు తలుపులకూ తాళాలు వేసినట్టే ఉన్నాయి.

మర్నాడూ అదే వేళకు వచ్చాడు. చీకటి షెడ్డులో, సలసల కాగే బానల మధ్య, దేన్నీ తడుముకోకుండా నడిచాడు. చెప్పినట్టే వేరుగా ఉడికిన కొత్త నలుపును పెదవికి ఆనించి, "మంచిగొచ్చింది," అన్నాడు. అంతే, మళ్లీ మాయం.

రాజనర్సు ఆ రాత్రి కన్ను మూస్తే ఒట్టు.

గురువారం లోపలినుంచి గడియలు కూడా బిగించాడు. సరిగ్గా అదే వేళకు తలుపు చప్పుడైంది.

"తమ్మీ, ఒక్కపారి తియ్యి."

ఎల్లమ్మ తల్లిని తలుచుకుంటూ చెవులు మూసుకున్నాడు. కొట్టి కొట్టి ఆ చప్పుడు ఆగిపోయింది.

అసర్ వేళకు అర్బాబ్ వచ్చి నలభై తానులనూ ఎండలో పరిపించాడు. అన్నీ ఒకే నలుపు! ఆయన అరబ్బీలో ఏదో అడిగితే, గుమాస్తా హమీదుద్దీన్ తెలుగులో చెప్పాడు.

"నీకు ఎవరన్నా నేర్పిన్రా అని అడుగుతుండు. మంచిగ యాది చేసుకొని చెప్పు."

దయ్యం నేర్పిందంటే ఉన్న కొలువు ఊడదూ?

"ఎవ్వలు నేర్పలే. నా చేతి పనే."

అర్బాబ్ భుజం తట్టి వెళ్లిపోయాడు. కొలువు నిలిచింది. రాజనర్సుకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"హమీద్ భాయ్, నీకొక్కనికే చెప్త. ఈ షెడ్డుల దయ్యమున్నది," అంటూ జరిగిందంతా చెప్పాడు.

హమీదుద్దీన్ నవ్వలేదు.

"దయ్యం గాదు నర్సూ, జలంధర్ అన్న. ఎనుక తలుపు తాళంచెవి ఇంక ఆయన తాననే ఉన్నది. బట్ట ఖరాబైంది దారంతోని, నా చేతితోని కాదని ఎంత మొత్తుకున్నా అర్బాబ్ నమ్మలే, వీసా కాన్సల్ జేసిండు. నువ్వు ఒక్కమాట చెప్తె అర్బాబ్ తనను ఆపుకుంటడేమోనని ఇందాక పెట్టె పట్టుకొని గేటు కాడనే నిలవడ్డడు."

"మరి ఇప్పుడేడీ?"

"నువ్వు 'ఎవ్వలు నేర్పలే' అన్నంక, ఏడేండ్లు నీ జాగల పనిజేసిన ఆ మాస్టరు విమానం ఎక్కనీకి పోయిండు."