తొక్కకూడని గడ్డి

"సేత్తోనా నాన్నా! ఛీ!"

గౌరీశ్వరి మొహం తిప్పేసుకుంది. తవిటయ్య మోకాళ్ళ మీద కూర్చుని, ఆఫీసరుగారి కుక్క వదిలిపోయినదాన్ని బాదం ఆకుతో ఎత్తాడు. మిగిలిందాన్ని వేళ్ళతో తుడిచి, ఆ చోట చెంబుతో నీళ్ళు పోశాడు.

"పారతో తీత్తే గడ్డి లేసిపోద్దమ్మా."

పొద్దున్న గౌరికి చద్దన్నం కలిపి పెట్టింది ఆ చేత్తోనే.

అది ఫ్యాక్టరీ గెస్ట్ హౌస్ లాన్. తల్లి పోయిన ఏడాదికే ఆ ఫ్యాక్టరీ కోసం వాళ్ళ ఊరూ, పొలాలూ పోయాయి. నడక నేర్చుకుంటున్న గౌరిని పెందుర్తి అవతల పల్లెకి పిన్ని సన్యాసమ్మ తీసుకుపోయింది. తవిటయ్య మాత్రం బుల్డోజర్ల వెనకే కూలికి చేరాడు. చదును చేసిన నేల మీద గడ్డి నాటే పని పట్టాడు. ఇక కదల్లేదు. పనిముట్ల గదిలోనే కాపురం.

పల్లె బళ్ళో టెన్త్ పాసై ఈ వేసవిలో గౌరి తండ్రి దగ్గరికి వచ్చింది. వచ్చిన రోజే అడిగాడు.

"లాన్ అంటే ఏటమ్మా? అందరూ అంటన్నారు, నానూ అంటన్నాను."

డిక్షనరీలో చూసి గౌరి అప్పజెప్పింది. "కురచగా కత్తిరించి పెంచే గడ్డినేల. మేపడానిక్కాదు, చూడ్డానికి. దాని మీద ఆడే ఆట లాన్ టెన్నిస్. సన్నటి నూలుబట్టని కూడా లాన్ అంటారు."

"మేత్తే తప్పయ్యే గడ్డేటే!" అని పడీపడీ నవ్వాడు. అంతలోనే నవ్వు ఆపి, "బట్టని కూడానా?" అన్నాడు.

మొదట్లో ముచ్చటేసింది. రానురాను ఆ లాన్‌ని చూస్తే గౌరికి ఒళ్ళు జలదరించసాగింది. తండ్రి దాని మీద చెప్పులేసుకోడు. పని మొదలెట్టేముందు నేలను తాకి కళ్ళకద్దుకుంటాడు. ఆఫీసర్ల గడ్డికి దండం! పార్టీ అయిన మర్నాడు ఎవరో నమిలి ఊసిన కోడి ఎముకలు, సిగరెట్ పీకలు ఏరతాడు. ఎవరో కక్కితే కడుగుతాడు. కిళ్ళీ ఉమ్మిని భుజం మీది తువ్వాలుతో అద్దుతాడు.

ఆఫీసరు అచ్యుతరామయ్యగారు కుక్కతో పాటు వరండా దిగి వచ్చారు. గెస్ట్ హౌస్ ఆయన అజమాయిషీలోదే.

"ఇవాళ చెప్పెయ్యాలి తవిటయ్యా. ఫ్యాక్టరీ లోపల ఖలాసీ పోస్టు. పర్మనెంటు. క్వార్టరిస్తారు."

క్వార్టరొస్తే గౌరి ఇంటర్‌లో చేరొచ్చు. లేకపోతే తిరిగి పిన్ని ఊరికి, జీడిపిక్కలు కొట్టడానికి.

"మరి ఈ లాన్ ఎవురు సూత్తారు బాబూ?"

"గడ్డి గురించి బెంగేంటయ్యా!"

"వద్దు బాబూ. నానిక్కడే ఉంటాను."

"అమ్మాయి చదువు?"

తవిటయ్య తల వంచుకున్నాడు. "వద్దు బాబూ."

"నీ ఖర్మ." ఆయన బూట్లతో లాన్‌కి అడ్డంగా నడిచి వెళ్ళిపోయారు. కుక్క మళ్ళీ కాలెత్తింది.

గౌరికి దుఃఖం కంటే ముందు రోత పుట్టింది.

"సిగ్గు నేదా నాన్నా? ఆళ్ళ కుక్క పెంట ఎత్తుకోడానికి నా సదువు తగలేత్తావా?"

"అలా అనకమ్మా."

"అంటాను! మనిసివి కావు, ఆళ్ళ సీపురువి!"

చెప్పులతోనే లాన్ మధ్యకి దూసుకుపోయింది. మడమతో గడ్డిని నూరింది. "ఇదిగో, తొక్కుతన్నాను! ఏటి సేత్తావ్?"

తవిటయ్య పరిగెత్తుకొచ్చి ఆమె రెండు పాదాలూ పట్టేసుకున్నాడు.

"సెప్పులు తియ్యమ్మా. నీకు దండమెడతాను, తియ్యి."

కన్నతండ్రి కాళ్ళు పట్టుకోవడం! గౌరి వెనక్కి లాక్కోబోయింది. ఆయన వదల్లేదు.

"ఆఫీసర్లు బూట్లతో తొక్కితే నోరెత్తవు. నాను తొక్కితే తప్పొచ్చిందా?"

"ఆళ్ళకి తెలీదమ్మా."

"ఏటి తెలీదు?"

ఆయన ఆమె చెప్పులు ఒక్కొక్కటే విప్పి పక్కన పెట్టాడు. నలిగిన గడ్డిని వేళ్ళతో నిమిరి లేపాడు.

"మీ అమ్మని కప్పెట్టింది ఇక్కడే."