పాపాల డబ్బా

"దాని మీద చెయ్యి వెయ్యకండమ్మా, మరకలు పడతాయి!"

రోలండ్ గావుకేక పెట్టాడు.

ఇంగ్లండులో ష్రాప్‌షైర్ పాత మోటారు సైకిళ్ళ ప్రదర్శనలో ఆయన బండి ముందు వంగిన పెద్దావిడ గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. అరవై దాటిన మనిషి. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో కేకు పొట్లం.

"తప్పయింది నాయనా. ఎంత ముద్దుగా ఉందో!"

ఆ మాటతో రోలండ్ కరిగిపోయాడు.

"ఉండదూ మరి! నలభై తొమ్మిది నాటి బండి, నలభై ఏళ్ళ కిందటిది. ప్రతి నట్టూ ప్రతి బోల్టూ ఆ కాలానిదే. తలలు చూడండి, ఎంత చిన్నవో. రంగు చూడండి, బూడిద రంగు. ఇప్పటి తళతళలాడే బోల్టు ఒక్కటి కనిపించినా చెవి కోయించుకుంటాను."

"వీటికోసం ఈయన తిరగని తుక్కు అంగడి లేదు," అంది కుర్చీలో స్వెట్టరు అల్లుకుంటున్న ఆయన భార్య మోరీన్. "ఆ బోల్టుల్ని చూసినట్టు నన్నొక్కనాడు చూసిన పాపాన పోలేదు."

"నువ్వు అంత పాతదానివి కాదుగా!"

పెద్దావిడ పగలబడి నవ్వింది. తర్వాత వెనక మడ్‌గార్డు వైపు వంగింది.

"ఇక్కడ గుండ్రటి తల బోల్టొకటి ఉండాలే?"

"మీ చెవినా పడిందన్నమాట! పొద్దుట్నించీ వచ్చినవాళ్ళందరికీ అదే చెబుతున్నాను."

రోలండ్ కోకో డబ్బా ఒకటి తీశాడు. మూత మీద ఎర్ర రంగుతో 'పాపాల డబ్బా' అని రాసి ఉంది.

"ఈ బండికి ఎవరెవరు చేసిన పాపాలో అన్నీ ఇందులోనే. ఇదిగో, చంటిపిల్లల తోపుడుబండి బోల్టు! ఏ బుద్ధిలేనివాడు బిగించాడో!"

"బుద్ధిలేని పనే," అంది ఆవిడ. కళ్ళు నవ్వుతున్నాయి. "నీకక్కర్లేకపోతే నాకిస్తావా?"

"మహారాజుగా తీసుకోండి. తోట గేటుకి పనికొస్తుంది."

ఆవిడ దాన్ని రుమాల్లో చుట్టి జేబులో దాచుకుంది.

"ఇంకొక్కటి అడగనా? దీని మీద ఒక్క నిమిషం కూచోనిస్తావా?"

"అదొక్కటీ అడక్కండమ్మా," రోలండ్ గొంతు తగ్గింది. "ఇది వేల్స్ కొండ పందెం గెలిచిన బండి. తోలిన మహానుభావుణ్ణి అందరూ పిచ్చుక అనేవారట. అసలు పేరు ఎవరూ చెప్పలేకపోతున్నారు. ఏళ్ళ తరబడి వెతుకుతున్నాను. ఈ ప్రదర్శనలో కప్పు రాకపోయినా నాకు బెంగ లేదు. దీని మీద మొదట ఆయన కూచోవాలి. అందాకా నేనూ ఎక్కను."

"నన్నూ ఎక్కనివ్వడు," అంది మోరీన్.

పెద్దావిడ ముఖం మెత్తబడింది. ఏదో చెప్పబోయింది. అంతలో రోడ్డు మీద బస్సు హారన్ మోగింది.

"అయ్యో, నా బస్సు! ఆ మాట వింటే పిచ్చుక ఎంత పొంగిపోతుందో నాయనా," అని కేకు పొట్లం మోరీన్ చేతిలో పెట్టి పరుగందుకుంది.

బస్సు మలుపు తిరిగిపోయింది.

కాసేపటికి చేతికర్ర పొడుచుకుంటూ పెర్సీ వచ్చాడు. ఈ ఏడాది ప్రదర్శనలో మైకు పట్టడానికి వేల్స్ నుంచి రప్పించిన ముసలాయన.

"ఓరినీ, పిచ్చుక బండి!" అన్నాడు. వెనక మడ్‌గార్డు చూసి మొహం చిట్లించాడు. "తోపుడుబండి బోల్టేదోయ్?"

రోలండ్ పాపాల డబ్బా వైపు చూశాడు.

"అది... ఉండాల్సిందేనా?"

"ఉండాల్సిందే! పందెం రోజు పొద్దున అక్కడి బోల్టు విరిగింది. పక్కనే చంటిపిల్ల తోపుడుబండి ఉంటే దానిదే ఊడబీకి బిగించాం. పందెం అయ్యేదాకా గుక్కపెట్టి ఏడ్చిన ఆ పిల్లని ఎత్తుకు తిరిగింది నేనే."

"మీరెందుకు? వాళ్ళమ్మ ఏమైంది?"

పెర్సీ పకపకా నవ్వాడు.

"వాళ్ళమ్మ అక్కడ పందెం గెలుస్తోంది కదయ్యా!"