బ్రేకు బిగించిన చెయ్యి

"చేతులు కడుక్కో. అన్నయ్య లేచాక బండి మీద దింపుతాడు," అన్నాడు తండ్రి.

కూతురు లేవలేదు. వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, బ్రేకు నట్టును మరో అరచుట్టు బిగించింది. ఇంజిను ఆయిలు మార్చడం, గొలుసు వదులు తీయడం ఎప్పటిలాగే ఆమె వంతు; తనకూ లైసెన్సు ఉన్నా బండి నడపడం మాత్రం అన్నయ్య వంతు.

"వాడు లేచేసరికి బారెడు పొద్దెక్కుతుంది నాన్నా. నా ఉద్యోగానికి మొదటిరోజే మూడుతుంది. నేనే నడుపుతాను. మీరూ వెనక కూర్చోండి, దారిలో మీ ఆఫీసు దగ్గర దింపుతాను."

"బాగుంది సంబడం. ఆడపిల్ల చేతిలో ప్రాణాలు పెట్టి కూర్చోమంటావా?"

"రోజూ అలాగే కూర్చుంటున్నారుగా," అంటూ ఆమె స్పానరుతో బ్రేకు వైపు చూపింది. "అన్నయ్యకు ఈ నట్టు ఎటు తిరుగుతుందో కూడా తెలియదు."

అది ఆయనకు తెలియని సంగతి కాదు; ఎన్నడూ ఆలోచించని సంగతి. ఆమె చేతులు కడుక్కుని బండెక్కాక, ఆయన వెనక సీటెక్కాడు.

"ముందు చక్రం బ్రేకు కూడా సరిచూశావా?"

"చూశాను. అన్నయ్య నడిపినన్నాళ్లూ ఈ మాట ఒక్కసారీ అడగలేదు మీరు."

తండ్రి హెల్మెట్ పట్టీ బిగించుకున్నాడు.