నూరేళ్ల కేకు

మళ్లీ కొట్టు తెరిచిన రోజు అతని చేతిలో ఉన్నవి మూడే. మసిబారిన ఓవెన్, గ్రాము తేడా కూడా పట్టే చిన్న తూకం, ఒక పగ. మొదటి రెండూ వాడేకొద్దీ అరిగేవి. మూడోది వాడకపోయినా పెరిగేది.

వీధిలో అందరూ అతన్ని గ్రాముల మేస్త్రీ అనేవారు. చిటికెడు ఉప్పయినా తూచందే గిన్నెలో వేయడు. మాటలూ అంతే.

పాత కొట్టు పెద్దది. అతను, తమ్ముడు, ఒక భాగస్వామి కలిసి నడిపారు. అది తగలబడిన పూట తమ్ముడు లోపలే ఉన్నాడు. షట్టరుకు బయటినుంచి తాళం వేసి ఉంది. తాళంచెవి భాగస్వామి జేబులో ఉంది.

కొత్త కొట్టులోకి మైదాని రానివ్వలేదు. చక్కెరను గుమ్మం తొక్కనివ్వలేదు. బాదం పిండి, కొబ్బరి పిండి, గుడ్లు, వెన్న, నాలుకకు తీపి చూపించి నెత్తురు జోలికి పోని ఒక తెల్లటి పొడి. వీటితోనే బ్రెడ్డూ, బిస్కెట్లూ, కేకులూ. చక్కెర జబ్బువాళ్లు అడుగుతూ అడుగుతూ వెతుక్కుని వచ్చేవారు. బేరం బాగానే సాగింది. కానీ ఆ ఓవెన్ వెలిగింది వాళ్ల కోసం కాదు.

భాగస్వామి కోసం.

వాడికి చక్కెర జబ్బు ముదిరింది. పెళ్లాం వదిలేసింది, పిల్లలు తొంగి చూడరు. వాడున్న చోట తిండంటే తెల్ల బ్రెడ్డు, బంగాళాదుంపలు. పైగా తీపి కనబడితే చెయ్యి ఆగదు. అక్కడి డాక్టరు, ఇలాగైతే రెండేళ్లు కూడా కష్టమే అని తేల్చేశాడు. ఆ కబురు చెవిన పడిన వారమే మేస్త్రీ పాత ఓవెన్ మసి తుడిచాడు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం, వారానికి సరిపడా మూట కట్టుకుని వెళతాడు. డాక్టరు చీటీ ఉంటేనే బయటి తిండి లోపలికి పోనిస్తారు. గేటు దగ్గరి మనిషి ప్రతిదీ కోసి చూస్తాడు. బాదం కేకు కోస్తే పొడిపొడి అవుతుంది. అందుకని మేస్త్రీ గుడ్లు ఒకటి ఎక్కువ వేసి, పల్చగా, గట్టిగా కాల్చడం నేర్చుకున్నాడు.

పక్క కొట్టు టైలరు ఉండబట్టలేకపోయాడు.

"ఏం మేస్త్రీ, పాముకు పాలు పోస్తున్నావట? లేక పాలల్లో ఏమైనా కలుపుతున్నావా?"

"నేను కలిపేవాణ్ణి కాదు. తీసేసేవాణ్ణి."

ఆ మాట టైలరుకు అర్థం కాలేదు. కొట్టులోనే పిండి జల్లించే తమ్ముడి భార్యకూ అర్థం కాలేదు. ఆమె భాగస్వామి మొహం చూడటానికి ఒక్కనాడూ పోలేదు. వాడు పోయాడన్న కబురు కోసమే బతుకుతోంది. ఆ కబురు రాకుండా అడ్డుపడుతున్నది సొంత బావగారే. ఆ సంగతి ఆమెకు మింగుడుపడలేదు.

ఏడాది చివరి సెలవులొచ్చాయి. పండగ కేకు చేశాడు మేస్త్రీ. దాల్చినచెక్క, నారింజ తొక్కు తురుము, పైన వెన్న పూత వేయాలి. ఓవెన్ తలుపు తీసి, అట్టే చూస్తూ ఉండిపోయాడు.

కేకు పైభాగం రాగి చెంబులా ఎర్రగా మెరుస్తోంది.

ఆ తెల్లపొడి ఎంత కాల్చినా అలా ఎర్రబడదు. ఇంత ఎర్రని మెరుపు చక్కెర పడితేనే వస్తుంది.

"ఎంత వేశావమ్మా?"

మరదలు తల దించుకోలేదు. "వెయ్యగలిగినంత. రెండు వారాలు తింటే చాలు వాడికి. మీరు చెయ్యాల్సిన పని నేను చేశాను."

మేస్త్రీ కేకును పళ్లెంతో సహా చెత్తబుట్టలో బోర్లించాడు. గిన్నె కడిగాడు. మళ్లీ గుడ్లు కొట్టడం మొదలుపెట్టాడు.

"మీ తమ్ముడి చితి ఆరకముందే మీ పగ ఆరిపోయింది బావగారూ." ఆమె జల్లెడ పక్కకు విసిరేసింది. "ఆ దొంగవెధవ మీకు తోడబుట్టినవాడైపోయాడు."

"రేపు నాతో రా. నీ కళ్లతో చూడు. అప్పటికీ కేకులో చక్కెర వెయ్యాలనిపిస్తే, నేనే తూచి ఇస్తాను."

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. గేటు దగ్గరి మనిషి కేకు కోసి, వాసన చూసి, "మా ఇంటికీ ఒకటి చెయ్యకూడదూ" అని నవ్వి పంపించాడు.

భాగస్వామి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. పొట్ట తగ్గింది. మొహం కళకళలాడుతోంది. మరదలి పిడికిళ్లు కొంగు చాటున బిగుసుకున్నాయి.

"అన్నా, నువ్వు మనిషివి కాదు, దేవుడివి," అన్నాడు కేకు నములుతూ. "నన్ను క్షమించావు."

"తిను," అన్నాడు మేస్త్రీ. "నువ్వు నిండు నూరేళ్లు బతకాలి."

పక్కనుంచి పోతున్న డాక్టరు ఆగాడు. "మేస్త్రీగారూ, మీకు దణ్ణం పెట్టాలి. రెండేళ్లన్నవాణ్ణి నేనే. గుండె, కిడ్నీలు ఇప్పుడు భేషుగ్గా ఉన్నాయి. ఈ లెక్కన ఇంకో ముప్పై ఏళ్లకు ఢోకా లేదు."

మేస్త్రీ ఆ మాటను జాగ్రత్తగా విన్నాడు, తూకం ముల్లు నిలిచేదాకా చూసినట్టు. తర్వాత మరదలి వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. చక్కెర ఎంత తూచమంటావు?"

ఆమె జవాబు చెప్పేలోపే గంట మోగింది, ఇద్దరు వార్డర్లు వచ్చి భాగస్వామిని లేపి ఊచల తలుపు వెనక్కి నడిపించి బయటినుంచి తాళం వేశారు, కడ ఊపిరి దాకా తెరవకూడదని జడ్జి తీర్పిచ్చిన ఆ తాళానికి బావగారు ప్రతి ఆదివారం ఎన్నేళ్ల ఊపిరి పోసి వస్తున్నాడో ఆమెకు అప్పుడు లెక్క తేలింది.